పిలువని చుట్టములు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)

 

దసరా పండుగ దగ్గఱకు వచ్చినదనగా ప్రతి ఇంటను మొట్టమొదట జరుగు పని బూజు దులుపుట. పొడుగైన వెదురుకఱ్ఱ చివర చీపురు కట్టి, తలకు గుడ్డ చుట్టుకొని, ఇల్లాలు దూలముల సందులను, అటక మూలలను దులుపును. సాలెగూళ్ళు తెగిపడును. వానితోపాటు వానిని అల్లిన సాలీడులును పడును. పడినదానిని చెప్పుతో అణచుట పిల్లలకు వేడుక. సరిగా అదే సమయమున పెరటిలో, పగిలిన కుండ అడుగున నిలిచిన వాననీటిలో, వందలకొలది దోమపిల్లలు తలక్రిందులుగా వ్రేలాడుచుండును. వాని వంక ఎవరును చూడరు. పండుగనాటికి ఇల్లు అద్దమువలె నుండును. పండుగ వెళ్ళిన వారమునకు ఇంటిలో నొకరు జ్వరముతో మంచమెక్కుదురు.

ఈనాటి ప్రసంగ విషయమంతయు ఈ చిన్న దృశ్యములో ఇమిడియున్నది. మనుష్యుడు ఇల్లు కట్టుకొనినది తన కొఱకే యని తలచును. కాని ఆ ఇంటిలో అతనితోపాటు సాలీడు, బల్లి, చీమ, ఈగ, దోమ, నల్లి, బొద్దింక, ఎలుక, చెదలు మొదలగు పిలువని చుట్టములు పెక్కు కాపురముండును. వీనిలో మేలు చేయునది ఏది, కీడు చేయునది ఏది యను వివేచన లేనిచో, కంటికి కనబడిన మిత్రుడు చచ్చును. కనబడని శత్రువు బ్రదుకును. కావున చంపుటకు ముందు తెలిసికొనవలయును.

మొదట సాలీడు సంగతి. ఆ పేరులోనే తెలుగువారు దాని కిచ్చిన గౌరవము కలదు. నేతపని చేయువాడు సాలె. నూలు వడికి బట్ట నేయువాని పేరే ఈ ప్రాణికి పెట్టిరి. శ్రీకాళహస్తి క్షేత్రనామమున 'శ్రీ' యనగా సాలీడు, 'కాళ' మనగా పాము, 'హస్తి' యనగా ఏనుగు అని స్థలపురాణము. శివలింగముపై గూడల్లి సేవించి ముక్తి నొందిన సాలీడు కథను ధూర్జటి మహాకవి తన శ్రీకాళహస్తి మాహాత్మ్యమున కావ్యవస్తువుగా గ్రహించెను. గుడిలో కథ విని చేతులు జోడించినవారే ఇంటికి వచ్చి చీపురు తీయుట లోకరీతియై యున్నది.

శాస్త్రజ్ఞులు సాలీడును కీటకములలో చేర్చరు. కీటకమునకు ఆఱు కాళ్ళు, సాలీడునకు ఎనిమిది. దానికి ఱెక్కలు లేవు. తేలు, పశువులను పట్టు పిడుదు దాని జ్ఞాతులు. లోకములో గుర్తించి పేర్లు పెట్టిన సాలీడు జాతులు 2022 నాటికి 50,000 దాటినవి. దాదాపు ఇవన్నియు వేటాడి బ్రదుకునవే. సాలీడు బియ్యము ముట్టదు, బట్ట కొఱుకదు, పుస్తకము తినదు, దూలము తొలువదు. ఇంటి సొత్తులో దానికి కావలసినది మూలనున్న జానెడు చోటు మాత్రమే. ఆ చోటునకు అద్దెగా అది ఈగలను, దోమలను, చిన్న పురుగులను పట్టి తినుచుండును. దాని కడుపులో పట్టు ద్రవరూపమున నుండి, వెలుపలికి లాగినంతనే గట్టిపడి దారమగును.

పల్లె ఇండ్లలో సాధారణముగా మూడు విధములైన సాలీడులు కానవచ్చును. వెండ్రుకలవంటి పొడుగు కాళ్ళతో మూలలయందు చిందరవందరగా గూడు కట్టి, ముట్టినచో గూటితోపాటు గడగడ ఊగునది మొదటిది. గోడలపై చిన్నచిన్న గంతులు వేయుచు, గూడు అల్లకయే పిల్లివలె పొంచి ఈగపై దుముకునది రెండవది. దానికి ఎనిమిది కన్నులు. ముందరి రెండును పెద్దవి. అఱచేయి అంత వెడల్పున కాళ్ళు చాచి, రాత్రివేళ గోడపై బొద్దింకలను వేటాడునది మూడవది. ఆడుసాలీడు తెల్లని బిళ్ళవంటి గ్రుడ్ల సంచిని కడుపు క్రింద పట్టుకొని తిరుగుట పెక్కురు చూచియుందురు. దానిని చూచి జడియువారే యెక్కువ. కాని అది మనుష్యుని చూచి అంతకంటె ఎక్కువ జడియును.

వీనికి విషము లేదా యని అడుగవచ్చును. ఉన్నది, కాని అది ఈగను నిశ్చేష్టము చేయుటకు మాత్రమే చాలును. చెట్టు తొఱ్ఱలలో నుండు బొచ్చుగల పెద్ద సాలీడు కఱచినచో నొప్పియు వాపును కలుగును. కావున దానిని చేతితో పట్టరాదు. ఇంటి సాలీడువలన ప్రాణభయము లేదు.

మఱియొక అపవాదు కలదు. వానకాలమున ఉదయము లేచునప్పటికి మెడపైనో చెంపపైనో మండు పొక్కులు కనబడును. "సాలీడు ప్రాకినది" అని పెద్దలందురు. నిజమునకు ఇది పెక్కుమారులు వేఱొక పురుగు పని. చీమవలె సన్నగా, నలుపు, నారింజ రంగుల పట్టెలతో, దీపపు వెలుతురునకు వచ్చు పురుగది. అది కుట్టదు, కఱవదు. దేహముపై వ్రాలినప్పుడు చేతితో నలిపినచో దాని లోపలి రసము చర్మమునకు తగిలి, ఒకటి రెండు దినములలో పొక్కులు లేచును. కావున దానిని నలుపక ఊది తోలవలెను. రసము తగిలినచో వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను. ఒకే వైపున వరుసగా లేచి తీవ్రముగా నొప్పి పెట్టు పొక్కులు సర్పి యను వ్యాధివలన కావచ్చును. వానికి వైద్యుని చూడవలెను. సాలీడును నిందించి ఆకుపసరులు పూయుచు కూర్చున్నచో చికిత్స ఆలస్యమగును.

ఆ నారింజ పురుగు సైతము పొలములో రైతునకు మిత్రమే. వరిచేలలో సుడిదోమను అదియు తినును, సాలీడులును తినును. తొందరపడి మందు కొట్టినచో ముందు చచ్చునవి ఈ కావలివారే. ఆపైన సుడిదోమ మునుపటికంటె ఉద్ధృతముగా వచ్చుట పెక్కుచోట్ల కనబడినది. ఇంటికిని, చేనికిని నీతి యొకటియే.

అయినను సాలీడు ఉన్నదని దోమతెరను విడువరాదు. దోమల పుట్టుక వేగమునకు సాలీడుల ఆకలి చాలదు. ఇంటి చుట్టములలో దోమయే అసలు శత్రువు. ఈ సత్యము లోకమునకు తేటపడినది తెలుగు నేలపైననే యని ప్రతి విద్యార్థియు తెలిసికొనవలయును. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు, మలేరియా రోగియైన హుసేన్‌ఖాన్ రక్తము త్రాగిన దోమను కోసి, దాని కడుపులో ఆ వ్యాధి క్రిములను సూక్ష్మదర్శినిలో చూచెను. చెడుగాలివలన చలిజ్వరము వచ్చునను తరతరాల నమ్మకము ఆనాటితో సడలినది. 1902లో అతనికి నోబెల్ బహుమతి లభించెను. బేగంపేటలోని ఆ భవనము ఆయన పేర స్మారకముగా నిలిచినది.

శత్రువు తెలిసిన పిదప ఆయుధము దొరకినది. డి.డి.టి.కి కీటకములను చంపు శక్తి కలదని స్విట్జర్లాండునకు చెందిన పాల్ ముల్లర్ 1939లో కనుగొనెను. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున భారతదేశములో ఏటా సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చుచుండెననియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనది. ఇంటింట గోడలకు డి.డి.టి. చల్లిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు దిగినది. వ్యాధి అంతరించినదని సంతోషించునంతలో తిరిగి విజృంభించి, 1976లో 64 లక్షలు దాటినది. దోమ మందునకు అలవాటుపడినది. మనుష్యుడు విజయమునకు అలవాటుపడి అజాగ్రత్త వహించెను. మందు మాత్రమే నమ్ముకొనిన యుద్ధము నిలువదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

డెంగీ జ్వరమును తెచ్చు దోమ మఱియొక జాతిది. ఒంటిపై తెల్లని చారలు గల ఆ దోమ పగటివేళ కుట్టును. మురుగుకంటె మంచినీరే దానికి ప్రీతి. మూతలేని తొట్టి, కూలరు, పూలకుండీ క్రింది పళ్ళెము, ఫ్రిజ్ వెనుకటి గిన్నె, పాత టైరు, కొబ్బరిచిప్ప దాని పుట్టినిండ్లు. గ్రుడ్డు దోమ యగుటకు ఎనిమిది పది దినములు చాలును. కావున వారమునకొక మారు నీరు పాఱబోసిన ఇంటిలో అది పెరుగజాలదు. నీరు పాఱబోసినంతనే పని ముగియదు. గ్రుడ్లు పాత్ర గోడలకు అంటుకొని నెలల తరబడి ఎండియుండియు, నీరు తగిలినంతనే పొదుగును. అందుచేత పాత్రను పీచుతో తోమి కడుగవలెను. చీమలు ఎక్కకుండుటకై అలమార కాళ్ళ క్రింద నీటి గిన్నెలు పెట్టు అలవాటు పెక్కు ఇండ్లలో కలదు. చీమను ఆపబోయి దోమను పెంచుట యిదియే. ఆ నీటిని వారము వారము మార్చవలెను.

బల్లి విషయమున భయము మఱియొక విధమైనది. బల్లి మీదపడినచో ఫలము చూచుటకు పంచాంగమున పట్టిక కలదు. అన్నములో పడినచో విషమని చెప్పుదురు. ఇంటి బల్లికి విషము లేదు. అయితే దాని మలమునందు, దేహమునందు వాంతులు, విరేచనములు కలిగించు సూక్ష్మక్రిములు ఉండవచ్చును. కావున బల్లి పడిన వంటకమును పాఱవేయుట ఉచితమే. కారణము మాత్రము వేఱు. వంటపాత్రలపై మూతలు పెట్టు ఇంటిలో బల్లివలన కీడు లేదు. దీపముచుట్టు చేరు పురుగులను తినుట దాని నిత్యకృత్యము.

తేలు అట్టిది కాదు. తేలు కుట్టినప్పుడు మంత్రము వేయించుట, వేరు కట్టుట నేటికిని కొన్నిచోట్ల కలదు. పెక్కు తేళ్ళ విషము నొప్పి కలిగించి దానంతట అదియే దిగును. ఆ కీర్తి మంత్రమునకు పోవును. కాని ఎఱ్ఱతేలు కుట్టినచో, ముఖ్యముగా పసిపిల్లలకు, ఆ విషము గుండెను, ఊపిరితిత్తులను పట్టును. చెమటలు, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడుట, ఆయాసము కనబడినచో క్షణమైనను జాగు చేయరాదు. మహారాష్ట్రములోని మహాడ్ పట్టణమున వైద్యము చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావాస్కర్, రక్తపుపోటునకు వాడు ప్రాజోసిన్ అను మాత్ర ఈ విషమునకు పనిచేయునని పల్లె రోగులయందే పరీక్షించి చూపెను. ఆ చికిత్సతో మరణములు బహుస్వల్పమైనవి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించెను. ఇటుకలు, కట్టెలు, పిడకలు ఇంటి గోడకు ఆనించి పేర్పకుండుట, చెప్పులు దులిపి తొడుగుకొనుట, నేలపై గాక మంచముపై పండుకొనుట తేలునుండి రక్షణ.

ఇక ఎలుకజాతి. వీనిలో పెద్దదగు పందికొక్కు పేరును ఇంగ్లీషువారు తెలుగునుండియే గ్రహించి 'బ్యాండికూట్' అనిరి. పేరు ఘనమైనను పని హీనము. ధాన్యమును తినునది కొంత. పాడుచేయునది అంతకంటె ఎక్కువ. ఎలుక ఉన్నచోటికి పాము వచ్చును. ధాన్యమును గట్టి మూత గల డబ్బాలలో నుంచి, కలుగులను పూడ్చి, ఎంగిలి మెతుకులు రాత్రి మిగులకుండ చూచినచో ఎలుక తానే వేఱొక తావు వెదకికొనును. బోను పాత సాధనమే యైనను నమ్మదగినది. ఎలుకలకని పేస్టు రూపమున వాడు పచ్చభాస్వరపు మందు మనుష్యుని కడుపులోనికి పోయినచో కాలేయమును పాడుచేయును. మొదటి రెండు దినములు రోగి బాగుగనే యున్నట్లు కనబడవచ్చును; పిదప చేయి దాటును. పళ్ళపొడి పెట్టె ప్రక్కన, పిల్లల చేతికందుచోట అట్టి మందు నుంచుట పామును ఉయ్యెలలో నుంచుటయే.

చేలకు కొట్టు మందును నల్లులకై మంచమున చల్లుట, మిగిలిన మందును శీతలపానీయపు సీసాలో పోసి దాచుట, ఖాళీ డబ్బాను కడిగి నూనెకు వాడుట వంటి పనులవలన ఎన్ని ఇండ్లు ఆఱినవో తెలిసికొనుటకు పత్రికలు చూచినచో చాలును. 2013 జూలై 16న బిహారులోని సారణ్ జిల్లాలో ఒక గ్రామపు బడిలో మధ్యాహ్న భోజనము చేసిన 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినది. పురుగును చంపుటకు తెచ్చిన విషము పసివాండ్రను చంపినది. నల్లులు పట్టిన మంచమును ఎండ వేయుట, సలసల కాగు నీటిని నవారుపై, సందులలో పోయుట, గోడ పగుళ్ళు పూడ్చుట పూర్వులెఱిగిన ఉపాయములు. వీనికి ఓపిక కావలెను గాని ప్రాణాపాయము లేదు.

చివరగా, గ్రంథాలయమున చెప్పక తప్పని శత్రువు చెదలు. ఇంగ్లీషువారు దీనిని తెల్లచీమ యనిరి గాని ఇది చీమ కాదు. బొద్దింకకు దగ్గఱి చుట్టము. వెలుతురు, పొడిగాలి దీనికి సరిపడవు. కావుననే మట్టితో సొరంగము కట్టుకొని గోడ వెంబడి ప్రాకును. అలమార తలుపు తీయునంతవఱకు ఏమియు తెలియదు; తీసినప్పుడు అట్టలు మాత్రము మిగిలియుండును. పైకి కనబడిన పురుగులపై కిరసనాయిలు చల్లినంత మాత్రమున ప్రయోజనము లేదు. గూడు నేలలో నుండును. మట్టిగీత ఎచటనుండి వచ్చుచున్నదో వెదకి, ఆ దారిని, ఆ చెమ్మను అరికట్టవలెను. అలమారను గోడకు ఆనింపక జానెడు ఎడముగా నిలుపవలెను. అడుగు అరను నేలకు తగులనీయరాదు. కప్పు కారుచున్నచో వానకు ముందే బాగుచేయించవలెను.

వెండివలె మెఱయు పొలుసులతో కాగితముల నడుమ పరుగెత్తు పురుగు అట్టలకు వేసిన గంజిని తినును. మఱియొక పురుగు పిల్ల దశలో పుస్తకమును ఈ అట్టనుండి ఆ అట్టవఱకు సూదితో పొడిచినట్లు తొలిచిపోవును. తాళపత్ర గ్రంథములను కాపాడుటకు పూర్వులు నిమ్మగడ్డి నూనె పూసి, వస కొమ్ములను, వేపాకును నడుమ నుంచి, బట్టలో కట్టి భద్రపఱచిరి. నేడు బట్టల పెట్టెలలోను, పుస్తకముల అలమారలలోను కలరా ఉండలు వేయుట వాడుక. కాని వాని ఆవిరి కొందఱు పసిబిడ్డల రక్తకణములను విఱుగగొట్టును. చంటిబిడ్డల బట్టలలో వానిని వేయకుండుట మేలు.

వీనియన్నిటికంటెను శ్రేష్ఠమైన మందు ఒకటి కలదు. అది అంగడిలో దొరకదు. పత్తొమ్మిదవ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో నుండి తెలుగు తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత పరిష్కరింపజేసి, క్రొత్త ప్రతులు వ్రాయించెను. ఆ గ్రంథములు నిలిచినది పెట్టెలో దాగియుండుటవలన గాదు. చదువువారి, వ్రాయువారి చేతులలో పడుటవలననే. పుస్తకమును తెఱచినప్పుడు గాలి తగులును, వెలుతురు తగులును, దుమ్ము రాలును, దాగిన పురుగు బయటపడును. పదుగురు చదువు పుస్తకమునకు అట్ట చిరుగును గాని చెదలు పట్టుట అరుదు. ఎవరును ముట్టని పుస్తకమునకు అట్ట చిరుగదు. లోపల అక్షరము మిగులదు.

అలమార తలుపునకు సాలీడు గూడు కట్టినచో దానిని చంపుట దేనికి? ఈ తలుపు తీసి చాలదినములైనదని అది తెలుపుచున్నది. గూటిని మెల్లగా తీసి, సాలీడును కాగితముపై ఎక్కించి పెరటిలో విడిచి, తలుపు తెఱచి పుస్తకము చేతబట్టుట పాఠకుని విధి. ఇరువదియైదు సంవత్సరములు ఈ తలుపులకు గూడు కట్టనీయని పాఠకులును, వారి పిల్లలును ఇకముందును అట్లే రాకపోకలు సాగించెదరు గాక! ఇంటికి పోయిన పిదప ఈ సాయంకాలమే పెరటిలోని కుండపెంకును బోర్లించెదరు గాక!